మునిగిన అడవిలో బాస్ వేట

ఆ రెండు మోళ్ల మధ్య కాస్త ఖాళీ ఉంది చూడండి, అక్కడికి విసరండి.

టెక్సస్‌లో లేక్ ఫోర్క్ జలాశయం, మార్చి నెల ఉదయం. డాలస్ నుంచి తూర్పుకి గంటన్నర ప్రయాణం. పడవ ముందు భాగంలో మీరు నిలబడ్డారు, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. చుట్టూ నీళ్లలోంచి ఎండు చెట్లు పొడుచుకొచ్చాయి, ఒక్కదానికీ ఆకు లేదు. 1980లో ఇక్కడ ఆనకట్ట పూర్తయినప్పుడు చాలాచోట్ల అడవిని నరక్కుండానే నీళ్లకి వదిలేశారు. పైకి మోళ్లే కనిపిస్తాయి, కింద అంతా కొమ్మల చిక్కు. లార్జ్‌మౌత్ బాస్ అనే చేప ఉండేది అందులోనే. మన కొరమీనులాగే మాటేసి కొడుతుంది, కొరమీనులాగే పిల్లల్ని కాపాడుకుంటుంది.

ఎర పడింది. దారం వదులుగా ఉంచి మునగనివ్వండి. దారం సాగడం ఆగిందంటే అడుగు తగిలినట్టే. రాడ్డు కొన కొంచెం ఎత్తండి. దించండి. ఆగండి.

ఇన్ని కొమ్మల్లో గాలం తగులుకోదా? తగులుకోకూడదనే ఈ కట్టు. దీన్ని టెక్సస్ రిగ్ అంటారు. దారానికి ముందుగా కోసుగా ఉన్న చిన్న బరువు ఎక్కించాలి, దాని కింద గాలం కట్టాలి. జానెడు మెత్తటి ప్లాస్టిక్ వానపాము తలలోకి ముల్లు గుచ్చి, పావు అంగుళం పోనిచ్చి పక్కనుంచి బయటికి తీయాలి. గాలాన్ని తిప్పి మళ్లీ ఒంట్లోకి గుచ్చాలి. మొన లోపలే దాక్కుంటుంది, కొమ్మకి దొరకదు. వానపాము మాత్రం తిన్నగా ఉండాలి. వంకరగా ఉంటే నీళ్లలో గిరగిరా తిరిగి దారాన్ని మెలిపెట్టేస్తుంది. ఇలాంటి ఎరని 1949లో ఒహాయోలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ తన ఇంట్లోనే పోతపోశాడు. తర్వాత ఆయన కంపెనీ ఇక్కడికి దగ్గర్లోని టైలర్‌కి వచ్చింది.

ఎత్తండి. బరువుగా ఉందా? కొమ్మ ఎక్కింది. గుంజకండి. కొన మెల్లగా ఆడించండి, దాటుతుంది. కొమ్మ దాటి ఎర కిందికి జారే ఆ క్షణమే అసలైనది.

టక్.

చూపుడు వేలికి తెలిసింది. కొమ్మా, చేపా? కొమ్మయితే దారం నిలిచి ఉంటుంది. మీ దారం ఎడమకి నడుస్తోంది.

"అన్నా, తీసుకుంది! లాగొద్దు. ముందు కొన దించు," వెనకనుంచి, ఇర్వింగ్ ఊరి నుంచి మీతో వచ్చిన కుర్రాడు.

దించండి. వదులు చుట్టేయండి. ఇప్పుడు లాగండి. గట్టిగా! ముల్లు ముందు ప్లాస్టిక్‌ని చీల్చాలి, ఆ తర్వాతే దవడ.

రాడ్డు వంగిపోయింది. చేప మోళ్లవైపు పోతోంది. వదిలితే కొమ్మకి చుట్టేస్తుంది. పడితే దారం తెగొచ్చు. ఏం చేస్తారు?

పట్టండి. రీలు కిర్రుమంటోంది. మోకాళ్లు వంచండి. దారం కొమ్మకి రాసుకుంది. పట్టండి. పట్టండి.

తిరిగింది!

పైకొస్తోంది. కొన కిందికి! ఎగిరింది. నోరు తెరిచింది. తల విదిలించింది. పడింది. దారం బిగువుగానే ఉంది.

ఇదిగో, పడవ పక్కకి వచ్చేసింది. చెయ్యి తడుపుకుని బొటనవేలు కింది దవడలో పెట్టండి. భయపడకండి, ఆ పళ్లు కోయవు, గరుకుగా తగులుతాయంతే. రెండో చెయ్యి పొట్ట కింద ఉంచి ఎత్తండి. ఆకుపచ్చని ఒళ్లు, పక్కన నల్లచార, గుడ్లతో బరువెక్కిన పొట్ట.

కొలబద్ద మీద 22 అంగుళాలు. ఇక్కడ 16కీ 24కీ మధ్య ఉన్న బాస్‌ని ఉంచుకోకూడదు. పులుసుకి సరిపోయే చేపని వదలాలంటే మనకి ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే. కానీ ఇలాంటివాటిని ఏళ్ల తరబడి అందరూ వదులుతూ వచ్చారు గనకే ఈ రోజు మీ చేతిలో ఇంత చేప ఉంది. 1992 జనవరిలో బ్యారీ సెయింట్ క్లెయిర్ ఈ నీళ్లలోనే 18.18 పౌన్ల బాస్ పట్టాడు. ఎనిమిది కిలోల పైమాటే. టెక్సస్‌లో ఆ రికార్డు అలాగే ఉంది.

ఒక్క ఫొటో చాలు, ఊపిరాడక అల్లాడుతోంది. నీళ్లలో దించి దవడ పట్టి నిలపండి. మొప్పలు ఆడుతున్నాయా? వదిలేయండి.

"ఇప్పుడు నా వంతు అన్నా," అంటూ కుర్రాడు ముందుకొస్తున్నాడు. మీరు మోటారు దగ్గర కూర్చోండి. గాలి పడవని మోళ్లమీదికి తోస్తోంది, కాస్త కుడికి తిప్పండి.