మోటారు సైకిలు చక్రపు బేరింగుల మార్పిడి

మోటారు సైకిలు చక్రం మధ్యనుండే హబ్‌లో ఇరువైపులా బిగించిన బాల్ బేరింగులు అరిగినపుడు వాటిని తీసి కొత్తవి అమర్చుటను చక్రపు బేరింగుల మార్పిడి అంటారు. యాక్సిల్ కదలకుండా ఉండగా చక్రం దాని చుట్టూ తిరుగుతుంది. చక్రంపై పడే బరువంతా ఈ బేరింగులే మోస్తాయి.

అరుగుదల గుర్తులు

చక్రాన్ని నేల నుండి ఎత్తి, పైన, క్రింద పట్టుకొని పక్కలకు ఊపినపుడు వదులుగా ఆడినా, తిప్పినపుడు గరగరమన్నా బేరింగు అరిగినట్లే. లోనికి నీరు చేరి గ్రీజు పాడవడం ఇందుకు ఒక ముఖ్యకారణం. అలాగే నడిపితే చక్రం అదుపు తప్పే ప్రమాదముంది.

కొలతలు

బేరింగు పక్కభాగంలో ముద్రించిన సంఖ్య దాని కొలతను తెలుపుతుంది. ఉదాహరణకు 6202 అనగా లోపలి వ్యాసం 15 మి.మీ., బయటి వ్యాసం 35 మి.మీ., వెడల్పు 11 మి.మీ. తయారీదారు ఎవరైనా ఈ కొలతలు మారవు.

తొలగించుట

యాక్సిల్, ఆయిల్ సీళ్ళు, సర్‌క్లిప్ ఉంటే అదీ తీసిన తరువాత, రెండు బేరింగుల నడుమనున్న స్పేసర్ గొట్టాన్ని కొద్దిగా పక్కకు జరుపుతారు. అవతలి బేరింగు లోపలి రింగుపై ఇనుప కడ్డీ ఆనించి, చుట్టూ చోటు మారుస్తూ సుత్తితో కొడతారు. ఒకేచోట కొడితే బేరింగు వంకరగా ఇరుక్కుని హబ్ చెడుతుంది. అల్యూమినియం ఉక్కుకన్న ఎక్కువగా వ్యాకోచిస్తుంది కనుక హబ్‌ను వేడిచేస్తే పని సులువవుతుంది. ఇలా తీసిన బేరింగు బాగున్నట్లు కనిపించినా తిరిగి వాడరాదు. దెబ్బలకు లోపలి గాడి పాడవుతుంది.

అమర్చుట

కొత్త బేరింగును బయటి రింగుపై మాత్రమే వత్తిడి పడేటట్లు దించాలి. మొదటిది పూర్తిగా కూర్చున్నాక స్పేసర్ పెట్టి, రెండవదానిని లోపలి రింగు స్పేసర్‌ను తాకేవరకే దించాలి. ఏ వైపు ముందు అన్నది వాహనపు సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. చిన్నదిగా కనిపించే ఈ గొట్టాన్ని మరచిపోతే పని మొత్తం వృథా. అది లేనిచో యాక్సిల్ నట్టు బిగింపు లోపలి రింగులను ఒకదానివైపు మరొకటి నెట్టి, కొత్త బేరింగులను కొద్దికాలంలోనే పాడుచేస్తుంది.