లంక భూమి ఎవరిది?

నది ఒక గట్టును కోసి మరొక చోట మేట వేస్తుంది. అలా లేచిన లంక ఎవరిదన్న తగవు చాలా ప్రాచీనమైనది.

ఖలీఫా హారూన్ రషీద్ కోరికపై ఇమామ్ అబూ యూసుఫ్ (మరణం 798) రచించిన ‘కితాబుల్ ఖరాజ్’లో ఈ సమస్య ప్రస్తావనకు వచ్చింది. టైగ్రిస్, యూఫ్రటీస్ వంటి మహానదులు ఏ ఒక్కరి సొత్తూ కావని హనఫీ న్యాయవేత్తల అభిప్రాయం. అందులో తేలిన లంకను సాగు చేసుకొనేవాడు ఇతరులకు హాని కలిగించరాదు. పడవల రాకపోకలకు ప్రమాదం తెచ్చే కట్టడాన్ని తొలగించవలసిందే.

వెయ్యేండ్ల తరువాత గంగాతీరంలో ఇదే తగవు కంపెనీ ప్రభుత్వాన్ని ఎదుర్కొన్నది. 1825 నాటి బెంగాల్ 11వ రెగ్యులేషన్ ముందుగా స్థానికాచారాన్నే ప్రమాణంగా తీసుకొన్నది. ఆచారం తేలనిచోట, పడవలు నడిచే పెద్దనదిలోని లంకకు నీటి లోతు కొలబద్ద అయింది. గట్టుకూ లంకకూ నడుమనున్న పాయను కాలినడకన దాటలేకపోతే లంక సర్కారుది. ఏడాదిలో ఏ ఋతువులోనైనా దాటగలిగితే ఆనుకొని ఉన్న భూస్వామిది.

మరి నదిలో మునిగి, తిరిగి అదే చోట తేలిన పొలం మాటేమిటి? ఆనవాలు పట్టగలిగితే అది పాత యజమానిదేనని 1870లో లోపెజ్ వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. నీరు కప్పినంత మాత్రాన హక్కు నశించదు.

ఇక్కడ గమనించవలసిన భేదం ఒకటి ఉన్నది. రెగ్యులేషన్ పాయ లోతును అడిగింది; అది వరదతో మారిపోతుంది. అబూ యూసుఫ్ అడిగినది ఎవరికి హాని అని. గట్టుమీది రైతుకూ, పడవ నడిపేవానికీ కూడా ఆ ప్రశ్నలో చోటున్నది.