జిగురు అట్ట మీది సున్నా: పత్తి, మిరప పరిశోధనలో బహిరంగ దత్తాంశానికి గుర్తింపు

మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. గుంటూరు, ప్రకాశం రైతులకు బాగా తెలిసిన ఈ లెక్క 2021లో తప్పింది. కొత్త పురుగు పూతలో చేరింది. పూత రాలింది, కాయ నిలవలేదు. రైతులు నల్ల తామర పురుగు అన్న ఆ త్రిప్స్ పార్విస్పైనస్ మన దేశంలో మొదట నమోదైంది 2015లో, బెంగళూరులో, బొప్పాయి మీద.

బొప్పాయి నుంచి మన మిరప దాకా ఆరేళ్ళు. ఆ కాలంలో ఏ క్షేత్రంలో, ఏ నెలలో పురుగులను పట్టే నీలి జిగురు అట్టలకు ఏ పురుగు అంటుకుందో, ఏది అంటుకోలేదో ఒకేచోట అందరికీ కనిపించి ఉంటే నష్టం తప్పేదని అనను. ఆ పురుగు వచ్చిన దారిని మాత్రం ఊహించాల్సిన అవసరం ఉండేది కాదు. ‘కనబడలేదు’ అన్న నమోదు విలువ అదే. చిక్కేమిటంటే, ఆ సున్నాతో పరిశోధన పత్రం తయారు కాదు, పత్రం కాని నమోదుకు పదోన్నతిలో చోటు లేదు.

అధ్యాపకుల పదోన్నతికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల పట్టికలో వ్యవసాయం సహా విజ్ఞాన శాస్త్రాల పత్రానికి 8 మార్కులు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి అదనపు విలువ. రచయితలు ఇద్దరిని మించితే ప్రధాన రచయితకు 70 శాతం, మిగిలినవారికి తలా 30 శాతం. దేశీయ పేటెంటుకు 7. దత్తాంశాన్ని బహిరంగంగా ఉంచినందుకు విడిగా ఏమీ లేదు. ఎండలో నిలబడి పురుగులు లెక్కించిన మనిషి సహరచయిత కాగలిగితే ఆ 30 శాతం, లేకపోతే కృతజ్ఞతల్లో ఒక పేరు. అయితే ఇదే పట్టిక నాలుగు క్రెడిట్ల మూక్ (ఆన్‌లైన్) కోర్సు తయారుచేస్తే 20 మార్కులిస్తుంది. పత్రం కాని పనికి విలువ కట్టడం యూజీసీకి చేతకాక కాదు.

ఈ లోటు గుంటూరు దగ్గరి లాం పరిశోధన క్షేత్రంలో మరింత స్పష్టం. 1922 నాటి ఈ క్షేత్రంలో పత్తి పరిశోధన ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. మిరప పరిశోధన, 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం విడిగా ఏర్పడ్డాక, దాని పరిధిలోకి వెళ్ళింది. రైతు మాత్రం ఒక చెక్కలో పత్తి, పక్క చెక్కలో మిరప వేస్తాడు. 1980లలో గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో పత్తిని ముంచిన తెల్లదోమే మిరపలో ఆకుముడత వైరస్‌ను మోస్తుంది. 1987–88లో ప్రకాశం జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలకు ముందూ వెనకా ఉన్న తెల్లదోమ లెక్కలు నేటి మిరప శాస్త్రవేత్తకూ పనికొచ్చేవే. వాటిని వెతికి, శుభ్రం చేసి, అందరి ముందు పెట్టే పనికి పూనుకున్న యువ అధ్యాపకుడు ఆ ఏడాది పత్రాల వరుసలో వెనకబడతాడు. అతని సంకోచాన్ని స్వార్థం అనలేం.

ఆదేశాలు లేక కాదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) 2013లోనే బహిరంగ ప్రాప్తి విధానం ప్రకటించింది. వ్యవసాయ సిద్ధాంత గ్రంథాలు కృషికోశ్ అనే డిజిటల్ భాండారంలో చేరుతున్నాయి. కానీ గ్రంథంలో ఉండేది సగటు పట్టిక. మళ్ళీ లెక్కగట్టడానికి కావలసిన మడివారీ అంకెలు రిజిస్టర్లో ఉంటాయి. సమర్పించక తప్పనిది బయటికి వస్తుంది, ఇష్టానికి వదిలింది బీరువాలో మిగులుతుంది.

అన్నీ తెరవమనడం నా వాదన కాదు. హైబ్రిడ్ల తల్లిదండ్రుల వరసలు తెరిస్తే ముందు లాభపడేది విత్తన కంపెనీలు. రైతు పేరు, సర్వే నంబరు బయటపెట్టే హక్కు మనకు లేదు. పురుగుల లెక్కలు, వాతావరణ నమోదులు, ఫలితం రాని మందుల పరీక్షలు దాచడానికి మాత్రం నాకు కారణం కనిపించదు.

మార్కులిస్తే చెత్త పెరుగుతుందన్న భయం నిజమైనదే. పత్రాల విషయంలో అది చూశాం. నకిలీ పత్రికలను అడ్డుకోవడానికి 2019లో తెచ్చిన యూజీసీ–కేర్ పత్రికల జాబితాను 2025లో వదిలేయాల్సి వచ్చింది. అందుకే దత్తాంశానికి పత్రంతో సమానంగా 8 మార్కులు పెట్టి, రెండుగా విడగొట్టాలి. పద్ధతి, తేదీలు, స్థలం, సున్నాలతో సహా నిక్షిప్తం చేసినప్పుడు 4. మరో కేంద్రం దాన్ని వాడి ప్రచురించినప్పుడు మిగిలిన 4. వాటా నిర్ణయించేటప్పుడు క్షేత్రంలో లెక్కించినవారి పేరు మొదట రావాలి.