ఐ.ఐ.టి. సన్నాహక సంవత్సరం - విద్యారుణ సదుపాయం

నెల్లూరు: జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్‌లో నిర్ణీత మార్కులు రాని షెడ్యూల్డు కులాల, తెగల, దివ్యాంగ విద్యార్థులకు, వారి కోటాలో సీట్లు మిగిలినపుడు, ఐ.ఐ.టి.లలో ఏడాది సన్నాహక కోర్సు సదుపాయం కలదు. ఉత్తీర్ణులైనవారిని మరల ప్రవేశ పరీక్ష లేకుండానే బి.టెక్.లో చేర్చుకుంటారు. యానాదులు అధికంగా నివసించే నెల్లూరు జిల్లాకు ఈ అవకాశం విలువైనది.

ఈ వర్గాలకు 2016లో ట్యూషన్ ఫీజు మినహాయింపు ప్రకటించినప్పటికీ హాస్టలు, మెస్, పుస్తకాల ఖర్చులు మిగులుతాయి. బ్యాంకుల ఆదర్శ విద్యారుణ పథకం క్రింద రూ.4 లక్షల వరకు ఆస్తి తనఖా అవసరం లేదు. తల్లిదండ్రులు సహ రుణగ్రహీతలుగా ఉండాలి.

వాయిదాలు కోర్సు ముగిసిన ఏడాది తరువాత మొదలవుతాయి. సన్నాహక సంవత్సరంతో కలిపి కోర్సు కాలాన్ని అయిదేళ్ళుగా నమోదు చేయించుకోవాలి. నాలుగేళ్ళుగా నమోదైనచో, పట్టా అందేనాటికే వాయిదాలు మొదలై, ఉద్యోగాన్వేషణకు లభించే ఏడాది వెసులుబాటు పోతుంది.