పానిక్ యాక్షన్

లైనక్స్, యూనిక్స్ సర్వర్లలో ఫైళ్లు పంచే సాంబా సాఫ్ట్‌వేర్‌లోని ఒక సెట్టింగు. డీమన్ కుప్పకూలే క్షణంలో ఏ కమాండు నడపాలో ఇందులో రాస్తారు. సాంబాను 1991 చివర్లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టారు.

డీమన్ ఏ టెర్మినల్‌కూ అతుక్కోకుండా తెర వెనుక పనిచేస్తుంది. కాబట్టి అది కూలినా చూసే దిక్కుండదు. అసలు చిక్కు ఇదే. తనది కాని మెమరీని ముట్టుకున్న ప్రాసెస్‌కు లైనక్స్ కెర్నల్ 11వ నంబరు సిగ్నల్ పంపుతుంది. సాంబా దాన్ని పట్టుకుని, ప్రాణం పోకముందే పానిక్ యాక్షన్ స్క్రిప్టును పిలిచి, తన ప్రాసెస్ నంబరు చేతికిచ్చి, అది ముగిసేదాకా ఆగుతుంది.

డెబియన్ ప్యాకేజీలో వచ్చిన స్క్రిప్టు చాలా చిన్నది. జీడీబీ డీబగ్గర్‌ను ఆ ప్రాసెస్‌కు తగిలించి, ‘బీటీ’ అనే రెండక్షరాల కమాండుతో స్టాక్ ట్రేస్ (ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలిచిన వరుస) తీయించి, రూట్ ఖాతాకు మెయిల్ చేస్తుంది. ట్రేస్‌లో సున్నా నంబరు ఫ్రేమ్ తాజా ఫంక్షన్‌ది, అట్టడుగున మెయిన్. కొత్తవారు పొరబడేది ఇక్కడే: పై వరుసలన్నీ స్క్రిప్టును పిలిచిన సరంజామాయే. సిగ్నల్ హ్యాండ్లర్ గుర్తు దాటాక వచ్చే ఫ్రేమ్‌లోనే సాధారణంగా తప్పు బయటపడుతుంది.

ఫంక్షన్ల పేర్లు తెలిపే డీబగ్ సింబల్స్ లేకపోతే పేర్ల చోట జంట ప్రశ్నార్థకాలు మిగులుతాయి. అలాంటి ట్రేస్ డెవలపర్‌కు పంపినా దాదాపు దండగే. స్టాకే చెడిపోయి ఉంటే ట్రేస్ అబద్ధం కూడా చెబుతుంది. కూలిన ప్రాసెస్ మెమరీని ఫైలుగా దాచే కోర్ డంప్‌లో ఇంతకన్నా ఎక్కువ సమాచారం దొరుకుతుంది గానీ, మెమరీలోని పాస్‌వర్డులు కూడా దాంతోపాటే డిస్కు మీదికి చేరవచ్చు.