బేకన్ తింటూ బరువు తగ్గిన లండన్ ముసలాయన

ఈ వారం ఎపిసోడ్‌లో బేకన్ ముచ్చట టైమ్ సరిపోక మధ్యలోనే ఆగిపోయింది. మిగిలింది ఇక్కడ రాస్తున్న.

ముందు నా సంగతి చెప్తా. నేను ఐటీఐ ఫిట్టర్‌ని. తొమ్మిదేళ్లు దుబాయిలో చేసిన, ఇప్పుడు లండన్‌లో సైట్ సూపర్‌వైజర్‌ని. పోయినేడు కొత్త సేఫ్టీ హార్నెస్ ఇచ్చినప్పుడు లేబుల్ చదివిన. 100 కిలోల వరకే అని ఉంది. నా బరువు 98. బూట్లు, హెల్మెట్, టూల్ బెల్ట్ కలిపితే దాటిపోతది. పది మందిని పైకి ఎక్కించేటోణ్ణి, నేనే ఎక్కే లెక్కలో లేను! అదే నెలలో డాక్టరమ్మ కూడా షుగర్ అంచు మీద ఉందని చెప్పింది. పని పోతే ఇంట్ల బిడ్డ చదువు ఆగుతది. రోజూ పది గంటల బ్రేక్‌లో నేను తినేది బేకన్ రోల్. అది మానాలా వద్దా అంటే ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్పిన్రు. అందుకే ఈ దేశం పాత కథ తిరగేసిన.

బేకన్ మొదట పెద్దోళ్ల తిండి కాదు, కూలోళ్ల తిండి. ఇంగ్లండ్ పల్లెల్లో గుడిసె వెనక ఒక పందిని పెంచి, చలికాలంలో కోసి, ఉప్పు పట్టించి ఏడాదంతా దాచుకునేవాళ్లు. విలియం కాబెట్ అనే రచయిత 1821లో మొదలుపెట్టిన 'కాటేజ్ ఎకానమీ'లో కూలి కుటుంబానికి పంది పెంపకం ఎంత ఆసరానో వివరంగా రాసిండు. మన సద్దిలో పచ్చడి, ఉల్లిగడ్డ ఎట్లనో, వాళ్ల సద్దిలో రొట్టె, బేకన్ అట్ల. పొద్దంతా పార పట్టి తవ్వేటోడికి ఆ కొవ్వు కరిగిపోయేది. నేనేమో ఇప్పుడు పార పట్టను, టాబ్లెట్ పట్టుకొని డ్రాయింగ్ చూస్త. తిండి మాత్రం పార పట్టినోడిదే తింటున్న.

ఇక అసలు మనిషి విలియం బాంటింగ్. లండన్‌లో అంత్యక్రియలు జరిపించే వ్యాపారం ఆయనది. రాజకుటుంబం అంత్యక్రియలు కూడా వీళ్ల కంపెనీయే చేసేది. ఐదడుగుల ఐదంగుళాల మనిషి. 1862 ఆగస్టులో 202 పౌండ్లు, అంటే దాదాపు 92 కిలోలు. వయసు 65 దాటింది. వంగి బూట్ల లేసు కట్టుకోలేకపోయేవాడు. మోకాళ్ల మీద భారం పడకుండా మెట్లు వెనక్కి తిరిగి దిగేవాడు. నిచ్చెన దిగే మనకు ఇది నవ్వులాట కాదు.

అంతకుముందు ఆయన పొద్దున్నే పడవ నడిపిండు. కండ పెరిగింది, దానితోపాటు ఆకలి కూడా పెరిగింది, బరువు దిగలేదు. 'కష్టం చేస్తున్నం గదా, అదే కరుగుతది' అనుకునేటోళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. చివరికి చెవులు సరిగ వినిపిస్తలేవని విలియం హార్వే అనే చెవి డాక్టర్ దగ్గరికి పోయిండు. ఆయన చెవి సంగతి పక్కకు పెట్టి తిండి మార్చమన్నడు. రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, ఆలుగడ్డ బంద్.

మరి పొద్దున ఏం తినాలె? నాలుగైదు ఔన్సుల గొడ్డు మాంసమో, గొర్రె మాంసమో, చేపో, బేకనో. చల్లారిన మాంసం ఏదైనా సరే, పంది మాంసం మాత్రం వద్దు. బేకన్ పర్వాలేదు, పంది వద్దు! ఈ లెక్క చదివి నేను చాలాసేపు నవ్వుకున్న. పాలు, చక్కెర లేని టీ, ఒక చిన్న టోస్ట్. అంతే. ఏడాదికి 46 పౌండ్లు, అంటే 21 కిలోల దాకా దిగిండు. 1863లో చిన్న పుస్తకం అచ్చేసి ముందు ఉచితంగానే పంచిండు. ఆయన పేరు ఇంగ్లీషులో బరువు తగ్గడానికే మాటయింది. స్వీడన్‌లో ఇప్పటికీ డైటింగ్‌ను 'బాంటా' అనే అంటరు. దక్షిణాఫ్రికాలో ఉన్న మనోళ్లు హోటళ్లల్ల 'బాంటింగ్' బోర్డు చూసే ఉంటరు, అది ఈయన పేరే. 1972లో అమెరికాలో డాక్టర్ అట్కిన్స్ రాసిన పుస్తకం కూడా దాదాపు ఇదే దారి.

ఒక మాట. బాంటింగ్ భోజనంలో వైన్ గ్లాసులు కూడా ఉన్నయి. అది కాపీ కొట్టకండి.

అయితే బేకన్ మంచిదేనా? తొందరపడొద్దు. యుద్ధకాలంలో, 1940 జనవరి 8న, ఈ దేశంలో బేకన్, వెన్న, చక్కెరకు రేషన్ పెట్టిన్రు. మొదట్లో మనిషికి వారానికి 4 ఔన్సుల బేకన్, అంటే సుమారు 113 గ్రాములు. నేను దాన్ని రెండు రోజుల్లో తినేవాణ్ణి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం, బేకన్‌లాంటి నిల్వ మాంసం క్యాన్సర్‌కు కారణమయ్యే వాటిలో ఒకటని తేల్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ వచ్చే అవకాశం 18 శాతం పెరుగుతదని చెప్పింది. ఉప్పు కూడా తక్కువేం కాదు, బీపీ ఉన్నోళ్లు చూసుకోవాలె. బాంటింగ్ బరువు చూసుకున్నడు గానీ, ఈ సంగతి ఆయన కాలంలో ఎవరికీ తెల్వదు.

ఇదంతా చదివినంక నా రోల్ విప్పి చూసుకున్న. మూడు ముక్కల బేకన్, దాని చుట్టూ చెయ్యంత తెల్ల రొట్టె, వెన్న, తియ్యటి సాస్, పక్కన రెండు చెంచాల చక్కెర టీ. నేను ఇన్నాళ్లూ నింద మొత్తం బేకన్ మీదనే వేసిన. బాంటింగ్ మానేసినవన్నీ నా చేతిలోనే ఉన్నయి.

ఇప్పుడు బేకన్ శనివారం ఒక్కరోజే, రెండు ముక్కలు, కోడిగుడ్లతో. రొట్టె లేదు. మిగతా రోజులు రాత్రి వండిన పప్పు, కూర డబ్బాలో తీసుకపోత, అన్నం సగం. టీలో చక్కెర మానడానికే నెల పట్టింది. బాంటింగ్ తన బరువును తారీఖులు వేసి రాసుకున్నట్టే నేను కూడా సైట్ డైరీ చివరి పేజీలో రాస్తున్న. ఎనిమిది నెలల్లో 98 నుంచి 91కి వచ్చిన. బెల్ట్ కట్టుకున్నా ఇప్పుడు హార్నెస్ లెక్కలోనే ఉన్న.

షుగర్ మందులు వాడేటోళ్లు డాక్టర్‌ను అడగకుండా తిండి ఒక్కసారే మార్చకండి. కానీ రేపు మీ హార్నెస్ లేబుల్ మాత్రం ఒకసారి చదవండి.