ప్రైడరైట్

ప్రైడరైట్ అరుదైన టైటానియం ఆక్సైడ్ ఖనిజం. ఇందులో టైటానియంతోపాటు పొటాషియం, బేరియం, ఇనుము ఉంటాయి. భూమి లోతుల్లోంచి పొటాషియం దండిగా మోసుకుని పైకి ఉబికే లాంప్రాయిట్ అనే అగ్నిశిలలు దీనికి అసలైన నెలవు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని వెస్ట్ కింబర్లీ లాంప్రాయిట్లలో దొరికిన ఈ రేణువులను మొదట రూటైల్ అనే మరో టైటానియం ఆక్సైడ్ ఖనిజం అనుకున్నారు. 1951లో కె. నారిష్ ఇది వేరే ఖనిజమని తేల్చి, ఆ శిలలను అధ్యయనం చేసిన భూగర్భ శాస్త్రవేత్త రెక్స్ ప్రైడర్ పేరు దీనికి పెట్టాడు.

పొరపడటంలో వింత లేదు. రంగు ఎర్రటి గోధుమ నుంచి నలుపు దాకా ఉంటుంది, మెరుపు వజ్రం తరహాది. రెండు ఖనిజాల స్ఫటికాలూ చతుష్కోణీయ వ్యవస్థకు చెందినవే. స్ఫటికపు నిలువు అక్షం వెంట పరమాణువుల అమరిక రెండింటిలోనూ దాదాపు 2.96 ఆంగ్‌స్ట్రామ్‌లకు ఒకసారి పునరావృతమవుతుంది. తేడా అడ్డంగా చూస్తేనే తెలుస్తుంది. రూటైల్‌లో టైటానియం, ఆక్సిజన్ పరమాణువులు ఇరుకుగా సర్దుకుంటాయి. ప్రైడరైట్‌లో అవే పరమాణువులు నాలుగు పక్కలా గోడలు కట్టి నడుమ సొరంగాలు వదులుతాయి. పొటాషియం, బేరియంలాంటి పెద్ద అయాన్లు ఆ సొరంగాల్లో కూర్చుంటాయి. వాటి ఆవేశానికి సరితూగేలా కొన్ని టైటానియం స్థానాల్లోకి ఇనుము వస్తుంది. సాంద్రత సుమారు 3.86. రూటైల్‌ది 4.2 పైమాటే.

ఈ సొరంగాలే ఖనిజానికి ప్రయోగశాలల్లో విలువ తెచ్చాయి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త టెడ్ రింగ్‌వుడ్ 1978లో అణువ్యర్థాలను బంధించడానికి సిన్‌రాక్ అనే కృత్రిమ శిలను ప్రతిపాదించాడు. అందులో రేడియోధార్మిక సీజియాన్ని పట్టి ఉంచే పని ఇదే నిర్మాణమున్న బేరియం టైటనేట్‌ది. సీజియం క్షయించి బేరియంగా మారినా ఆ గూట్లోనే ఇముడుతుంది. ఒక శిలలో సహజంగా ఏర్పడిన నిర్మాణం ఇంత బరువైన బాధ్యతకు నమూనా కావడం ఖనిజశాస్త్రం గర్వించదగ్గ విషయం.

ప్రైడరైట్‌కు నెలవైన లాంప్రాయిట్‌ను తెలుగు నేలమీద చూడాలంటే నంద్యాల, ఆళ్లగడ్డలకు తూర్పున నిలిచిన నల్లమలకు వెళ్లాలి. నంద్యాల–గిద్దలూరు రైలు మార్గంలోని చెలమ దగ్గర కంబం పలకరాళ్లను చీల్చుకుని లాంప్రాయిట్ గోడలు పైకొచ్చాయి. శాస్త్ర పత్రాల్లో ఈ ఊరిని చెలిమ అని రాస్తారు. ఈ శిలల వయసు దాదాపు 140 కోట్ల ఏళ్లు. వెస్ట్ కింబర్లీ లాంప్రాయిట్లు రెండు కోట్ల ఏళ్లవే. చెలమ రాయిలో ఫ్లోగోపైట్ అభ్రకపు రేకులు మెరుస్తున్నా, తొలి ఖనిజాలు చాలావరకు కార్బనేట్లుగా మారిపోయాయి. బనగానపల్లె గులకశిలల్లో వజ్రాలు దొరకడం, ఆస్ట్రేలియాలోని ఆర్గైల్ వజ్రాల గని లాంప్రాయిట్‌లోనే ఉండటం ఈ శిలలపై ఆసక్తిని పెంచాయి.

ఇలాంటి మార్పు చెందిన రాళ్లలో టైటానియం ఖనిజాల రేణువులు సూక్ష్మంగా ఉంటాయి. ఎర్రగా మెరిసే రేణువును రూటైల్ అని నమోదు చేసే ముందు ఎలక్ట్రాన్ ప్రోబ్‌తో పరీక్షించి, అందులో పొటాషియం, బేరియం ఉన్నాయేమో చూడటం తప్పనిసరి.